నత్త ఇంటితో కన్యాకుమారికి

పిల్లలూ! మీరు నత్తను చూసే ఉంటారు. అది ఊరికి పోవాలంటే దానికి ఏ చింతా లేదు. పెట్టె సర్దుకోనక్కరలేదు, తలుపుకు తాళం వెయ్యనక్కరలేదు. దాని ఇల్లు దాని వీపు మీదనే ఉంటుంది. 2025 వేసవి సెలవుల్లో మేము కూడా అటువంటి ప్రయాణం ఒకటి చేశాము. కారు వెనుక ఒక చిన్న ఇంటిని తగిలించుకుని, హైదరాబాదు నుంచి కన్యాకుమారి దాకా వెళ్ళి వచ్చాము. దారిలో ఉన్న స్నేహితులనందరినీ చూశాము. ఆ సంగతులు మీకు చెబుతాను, వినండి.

మేము ఉండేది హైదరాబాదులో, హైటెక్ సిటీ పక్కన మాదాపూరులో. ఈ రోజు అక్కడికి వస్తే మీకు ఎటు చూసినా అద్దాల మేడలే కనిపిస్తాయి. పొద్దున్నే వేలకొద్దీ జనం కంప్యూటర్ల ముందు కూర్చోవటానికి పరుగెత్తుతుంటారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణి. అయితే ఈ మేడలన్నీ నిన్న మొన్నటివి. 1998 నవంబరు 22వ తేదీన అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్ అనే గుండ్రని భవనాన్ని ప్రారంభించారు. అంతకు ముందు అక్కడంతా గుట్టలు, రాళ్ళు, తుప్పలూను.

ఆ రాళ్ళున్నాయే, వాటి వయసు ఎంతనుకున్నారు? సుమారు 250 కోట్ల ఏళ్ళు! భూమి లోపల కరిగి ఉన్న రాయి చల్లారి గ్రానైటు అయింది. పైన ఉన్న పొరలు అరిగిపోయాక ఆ గ్రానైటు బయట పడింది. పగుళ్ళలోకి నీరు దిగి, మూలలు అరిగి, అవి గుండ్రని గుండ్లుగా మారాయి. కొన్నిచోట్ల ఒకదాని మీద ఒకటి నిలబడి ఉంటాయి. ఎవరో రాక్షసుడు గోళీలాడుతూ, అమ్మ పిలిస్తే మధ్యలో వదిలేసి వెళ్ళినట్టు ఉంటుంది!

గోళీలంటే గుర్తుకు వచ్చింది. మా ప్రయాణానికి అసలు కారణం ఒక గోళీల డబ్బా.

మా మేడలో నాలుగైదు కుటుంబాలవాళ్ళం ఒక్క ఇంటివాళ్ళలాగా ఉండేవాళ్ళము. పిల్లలంతా సాయంత్రం మెట్ల కింద చేరేవారు. మా కాపలాదారు పాలమూరు జిల్లా మనిషి. అతని మనుమడు మా అమ్మాయికంటే ఒక ఏడు పెద్ద. గోళీలలో వాణ్ణి గెలిచినవాళ్ళు లేరు. ఇంతలో 2020వ సంవత్సరం వచ్చింది. కరోనా వ్యాధి మూలంగా మార్చి 25 నుంచి దేశమంతటా రాకపోకలు ఆగిపోయాయి. ఆ తరవాత ఆఫీసు పనులు ఇంటి నుంచే చెయ్యమన్నారు. పట్నంలో అద్దె కట్టుకుంటూ ఉండటం ఎందుకని ఒకరు కర్నూలు వెళ్ళారు, ఒకరు హోసూరు వెళ్ళారు, ఒకరు మధుర వెళ్ళారు. కాపలా తాత కూడా మనుమణ్ణి తీసుకుని సొంత ఊరికి వెళ్ళిపోయాడు. తొందరలో వాడి గోళీల డబ్బా మెట్ల కిందనే ఉండిపోయింది. మా అమ్మాయి దాన్ని అయిదేళ్ళు దాచింది. అప్పుడు దానికి ఆరేళ్ళు, ఇప్పుడు పదకొండు.

ఒకనాడు అది నన్ను, “నాన్నా, వాళ్ళందరూ నన్ను మరిచిపోయి ఉంటారా?” అని అడిగింది.

“ఫోను చేసి మాట్లాడు,” అన్నాను.

“ఫోనులో గోళీలు ఆడటం కుదరదుగా!” అన్నది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఈ విధంగా మా ప్రయాణం నిశ్చయమయింది.

ఇక మా నత్త ఇంటి సంగతి చెబుతాను. దానికి రెండే చక్రాలు. లోపల పరుపు, రెండు కిటికీలు, చిన్న బల్ల ఉంటాయి. వెనుక తలుపు ఎత్తితే స్టవ్వు, నీళ్ళ డబ్బా, గిన్నెలు కనిపిస్తాయి. బరువు 500 కిలోలు. దానికి ఇంజను లేదు. ముందు ఒక ఇనుప దూలం ఉంటుంది. దాని కొన కారు వెనుక ఉన్న బంతి వంటి ఇనుప గుండు మీద టోపీలాగా కూర్చుంటుంది. గుండు గుండ్రంగా ఉంది కనుక బండి కుడి ఎడమలకూ, పైకీ కిందకూ తిరగగలదు. కారు బ్రేకు వేస్తే వెనుక ఎర్రదీపం వెలగటానికి ఒక తీగ, దూలం ఊడినా బండి పారిపోకుండా ఒక గొలుసు కూడా ఉంటాయి.

ఇటువంటి బండిని ముందుకు లాగటం సులువే. వెనక్కి నెట్టటమే గమ్మత్తు. బండి ఎడమవైపుకు పోవాలంటే కారు చక్రాన్ని మొదట కుడివైపుకు తిప్పాలి! నమ్మకం లేకపోతే మీ బొమ్మకారు వెనుక రెండు చక్రాల బొమ్మబండిని తగిలించి, వెనక్కి నెట్టి చూడండి. మలుపుల దగ్గర ఇంకొక చిక్కు ఉన్నది. కారు చక్రాలు పోయిన దారినే బండి చక్రాలు పోవు. అవి మలుపు లోపలి వైపుకు జరిగి పోతాయి. అందుచేత మలుపును పెద్దగా తీసుకోవాలి. లేకపోతే మూల మీద ఉన్న రాయికి తగులుతుంది.

తెల్లవారకముందే బయలుదేరాము. నగరం చుట్టూ 158 కిలోమీటర్ల పొడవున వలయంగా వేసిన బయటి రోడ్డెక్కి, శంషాబాదు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారిలోకి దిగాము. మన దేశంలో దీనికంటే పొడవైన రహదారి లేదు. శ్రీనగరులో మొదలై, 3,700 కిలోమీటర్లకు పైగా సాగి, కన్యాకుమారిలో ఆగుతుంది. 2010లో నంబర్లు మార్చకముందు హైదరాబాదు మీదుగా పోయే ఈ భాగాన్ని 7వ నంబరు రోడ్డు అనేవారు. మీ తాతగారిని అడగండి, ఆయన ఇప్పటికీ అలాగే అంటారేమో!

జడ్చర్ల దాటిన తరవాత పెద్ద రోడ్డు దిగి, పొలాల మధ్యగా తాత ఊరు చేరాము. వేపచెట్టు కింద మంచం వేసుకుని తాత కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, “సారూ! బిడ్డ ఇంత పెద్దగయిందా!” అన్నాడు. అతని వెనుక నుంచి మనుమడు వచ్చాడు. మనిషి పొడుగయ్యాడు. మా అమ్మాయి చేతిలో డబ్బా పట్టుకుని కారు దిగింది. వాడు ఒక అడుగు వెనక్కి వేసి, నేల చూస్తూ, “మీరు మంచిగున్నరా?” అని అడిగాడు.

మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. అయిదేళ్ళ క్రితం వాడు దాన్ని “ఏయ్, నీ వంతు!” అని పిలిచేవాడు. మరిచిపోతాడేమోనని అది భయపడింది. వాడు మరిచిపోలేదు. కాని “మీరు” అన్నాడు. మరిచిపోవటం కంటే ఇదే దానికి ఎక్కువ కష్టమనిపించింది. డబ్బా ఇవ్వటానికి కూడా చెయ్యి రాలేదు.

ఏం చెయ్యాలో నాకూ తోచలేదు. ఇంతలో తాత మా నత్త ఇంటి చుట్టూ తిరిగి చూడసాగాడు. వంగి చక్రాలు చూశాడు, ఇరుసు చూశాడు. “దీన్ని విప్పుండ్రి సారూ, జర చూస్త,” అన్నాడు. దూలాన్ని కారు నుంచి విడదీశాను. తాత మనుమణ్ణి పిలిచి, ఇద్దరూ కలిసి దూలం కొన పట్టుకుని మెల్లిగా పైకెత్తారు. “మంచిగుంది. కాడి మీద సరైన బరువే ఉంది,” అన్నాడు తాత.

“కాడి మీద బరువు అంటే ఏమిటి తాతా?” అని అడిగింది మా అమ్మాయి.

తాత నవ్వి, “నువ్వే చెప్పరా,” అన్నాడు మనుమడితో. వాడు తలెత్తాడు. అది వాడికి బాగా తెలిసిన విద్య! పుల్లతో మట్టిలో ఎద్దుబండి బొమ్మ గీశాడు. బండికి రెండే చక్రాలు కదా. బరువంతా వెనుక వేస్తే నొగలు పైకి లేస్తాయి, కాడి ఎద్దుల మెడకు ఉరిలాగా పడుతుంది. బరువంతా ముందు వేస్తే మెడలు ఒరుసుకుపోతాయి. అందుకని చాలా భాగం ఇరుసు మీద పడేట్టు, కొంచెం మాత్రం ముందుకు మొగ్గేట్టు వెయ్యాలి. అప్పుడే ఎద్దులు హాయిగా లాగుతాయి, బండి ఊగకుండా వస్తుంది.

మోటారు ఇంజనీర్లు చెప్పేది కూడా ఇదే! బండి మొత్తం బరువులో ఇంచుమించు పదోవంతు ముందున్న గుండు మీద పడాలంటారు. మా బండి 500 కిలోలు కనుక, 50 కిలోలన్న మాట. వెనుక బరువు ఎక్కువైతే వేగంగా పోయేటప్పుడు బండి చేపతోకలాగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఒక్కొక్కసారి కారును కూడా తిప్పి పడేస్తుంది. ఏ పుస్తకమూ చదవకుండా తాత ఈ సంగతి చేతితో తూచి చెప్పాడు.

ఆ తరవాత ఇంకొక సంగతి కూడా తెలిసింది. తాత మా మేడకు కాపలా వచ్చింది చాలా కాలం తరవాత. మొట్టమొదట 1997లో అతను మాదాపూరుకు వచ్చింది బండలు పగలగొట్టే పనికి. పాలమూరులో వానలు తక్కువ. అక్కడి మనుషులు పని కోసం దేశంలో ఎక్కడెక్కడికో వెళ్ళి ఆనకట్టలు, కాలవలు, రోడ్లు, మేడలు కట్టారు. “మీరు రోజూ పోయే తొవ్వలో రాళ్ళు నేను కొట్టినవే సారూ,” అన్నాడు తాత. మా అమ్మాయి అతని అరచేతులు పట్టుకుని చూసింది. చాలాసేపు వదలలేదు.

చివరకు డబ్బా మూత తెరిచారు. లెక్కపెడితే 43 గోళీలు ఉన్నాయి. “నీ డబ్బా నీకే,” అన్నది మా అమ్మాయి. “సగం సగం,” అన్నాడు వాడు. తలా 21 పంచుకున్నారు. ఒకటి మిగిలింది. తాత దాన్ని తీసి రొండిన దోపుకుని, “ఇది నా కూలి!” అన్నాడు. అందరం ఫక్కున నవ్వాము. అయినా బయలుదేరేటప్పుడు వాడు, “మల్ల రండి,” అనే అన్నాడు. తాత ఒక వేరుసెనగకాయల సంచి తెచ్చి, తన చేత్తోనే బండిలో సరిగ్గా ఇరుసు మీద పెట్టాడు.

బీచుపల్లి దగ్గర కృష్ణానదినీ, తరవాత తుంగభద్రనూ దాటి కర్నూలు చేరాము. 1953 అక్టోబరు 1 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని ఈ ఊరే. కొండారెడ్డి బురుజు పక్కగా స్నేహితుడి ఇంటికి వెళ్ళి, వాకిట్లో నత్త ఇంటిని నిలిపాము. మేము అందులోనే పడుకుంటామని చెప్పగానే స్నేహితుడి తల్లి చెంపలు నొక్కుకున్నది. “ఇదెక్కడి చోద్యం నాయనా! ఇంటికొచ్చినోళ్ళు బండిలో పండుకుంటే ఊరంతా ఏమనుకుంటుంది?” అన్నది. ఎంత చెప్పినా వినలేదు. చివరకు ఏం జరిగిందో తెలుసా? ఆ ఇంటి పిల్లలూ మా అమ్మాయీ కలిసి నత్త ఇంట్లో దూరి తలుపు వేసుకున్నారు. పెద్దవాళ్ళం డాబా మీద పడుకున్నాము!

పడుకోబోయే ముందు పిల్లలు, “ఇలా ఇల్లు తీసుకుని ప్రయాణం చేసింది మనమే మొదలా?” అని అడిగారు. కానే కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరారు. అప్పుడు రైళ్ళు లేవు, మోటార్లు లేవు. పల్లకీ మోసే బోయీలు, డేరాలు, వంట సామాను, పెద్ద పరివారం ఆయన వెంట నడిచాయి. తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, తిరిగి 1831 సెప్టెంబరులో ఇంటికి వచ్చారు. చూసినదంతా తన స్నేహితుడు శ్రీనివాస పిళ్ళెగారి కోసం రాశారు. ఆ రాతే 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’ అనే పుస్తకమయింది. అంటే, ఒక స్నేహితుడికి చెబుదామని రాసినది మనందరికీ మిగిలిందన్న మాట.

మర్నాడు గుత్తికోటను దూరం నుంచి చూసి, పామిడి దగ్గర పెన్న దాటాము. వంతెన కింద చాలా భాగం ఇసుకే. తరవాత దారి నుంచి కొంచెం పక్కకు తిరిగి లేపాక్షి వెళ్ళాము. అక్కడి నంది ఒకే రాతిలో చెక్కినది. ఇంచుమించు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. “నాన్నా, ఈ ఎద్దు మెడ మీద కాడి పెడితే మన బండిని ఒక్క గెంతులో కన్యాకుమారి చేరుస్తుంది,” అన్నది మా అమ్మాయి.

బెంగుళూరు దాటగానే హోసూరు వస్తుంది. అది తమిళనాడు. అయినా అక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళు ఎందరో ఉన్నారు. మా స్నేహితుల పిల్లలు మమ్మల్ని తెలుగులో పలకరించారు, తమ పేర్లు మాత్రం తమిళంలో రాసి చూపించారు. ఆ రాత్రి మా అమ్మాయి వాళ్ళకు ‘అ ఆ’లు దిద్దించింది, వాళ్ళు దీనికి తమిళ అక్షరాలు దిద్దించారు. తెల్లవారేసరికి నత్త ఇంటి అద్దాల నిండా వేలితో రాసిన రెండు భాషల అక్షరాలే!

ధర్మపురి దాటి సేలం వైపు పోతుంటే తొప్పూరు కనుమ వస్తుంది. అక్కడ రోడ్డు చాలా దూరం పల్లంగా దిగుతుంది. ప్రమాదాలకు పేరుపడ్డ చోటు అది. ఎందుచేతనంటే, బరువైన బండి పల్లానికి దిగేటప్పుడు దాని వేగం పెరుగుతూ ఉంటుంది. ఊరికే బ్రేకు తొక్కుతూ ఉంటే బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. డీజిలు మిగులుతుందని గేరు తీసేసి దిగే లారీలవాళ్ళు కొంపలు కూల్చుకుంటారు. కనుక చిన్న గేరు వేసి దిగాలి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది.

నేను చిన్న గేరులో మెల్లిగా దిగుతున్నాను. అంతలో ఒక పెద్ద లారీ మమ్మల్ని దాటుకుంటూ రయ్యిన పోయింది. దాని గాలికి మా నత్త ఇల్లు ఒక్కసారి పక్కకు ఊగింది. మా ఆవిడ ఊపిరి బిగపట్టింది. నేను చక్రాన్ని కదలనివ్వకుండా పట్టుకుని, బ్రేకు మీద కాలు వెయ్యకుండా, వేగం ఇంకా తగ్గనిచ్చాను. బండి ఇంకొకసారి ఊగింది, సర్దుకున్నది, తిన్నగా మా వెనుక వచ్చింది. దిగువకు చేరేదాకా ఎవరమూ మాట్లాడలేదు. అప్పుడు మా అమ్మాయి మెల్లిగా, “కాడి మీద సరైన బరువే ఉంది,” అన్నది.

నామక్కల్లు దాటాక కావేరినీ, మధురలో వైగైనీ, తిరునల్వేలిలో తామ్రపర్ణినీ దాటాము. కృష్ణ, తుంగభద్ర, పెన్న కూడా కలిపితే ఆరు నదులు. దక్కను పీఠభూమి పడమర ఎత్తుగా, తూర్పు పల్లంగా ఉంటుంది. అందుకే వీటి నీళ్ళన్నీ తూర్పుకే పోతాయి. పటం తీసి చూసుకోండి. మధురలో స్నేహితుల పిల్లలు మమ్మల్ని తిరుమల నాయకుని మహలుకు తీసుకువెళ్ళారు. 1636లో దాన్ని కట్టించిన ఆ రాజు వంశం వాళ్ళు తెలుగువారే. ఆ స్తంభాలు ఎంత లావంటే, పిల్లలు నలుగురూ చేతులు చాచినా ఒకటి చుట్టుకు రాలేదు.

కన్యాకుమారికి ముందు ఆరళ్‌వాయిమొళి అనే కనుమ ఉన్నది. రెండు కొండల సందు నుంచి గాలి ఉరికి వస్తుంది. అందుకనే అక్కడ గాలిమరలు వందలకొద్దీ నిలబెట్టి కరెంటు తీస్తున్నారు. కారు కంటే మా నత్త ఇంటి పక్కగోడే వెడల్పు కనుక గాలి దాన్నే ఎక్కువ నెడుతుంది. గంటకు 40 కిలోమీటర్లకు తగ్గి ఆ చోటు దాటాము. ఆ సాయంత్రమే సముద్రం కనిపించింది. నీటి మధ్య రాతి మీద వివేకానందుని మందిరం, పక్క రాతి మీద 133 అడుగుల తిరువళ్ళువరు విగ్రహం, రెంటినీ కలుపుతూ 2024 డిసెంబరులో తెరిచిన అద్దాల వంతెన ఉన్నాయి. సూర్యుడు అస్తమించటం చూశాము, తెల్లవారి సముద్రంలోనుంచి లేవటం చూశాము. మా అమ్మాయి తన 21 గోళీలలో ఒక నీలపుదాన్ని తీసి, ఉప్పునీటిలో కడిగి, విడిగా దాచింది.

ఇంటికి వచ్చాక ఆ గోళీని, ఆరు నదుల పేర్లు రాసిన కాగితాన్ని కలిపి పాలమూరుకు పోస్టులో పంపింది. చాలా రోజులు జవాబు లేదు. బడులు తెరిచిన తరవాత ఒక నీలం ఇన్‌లాండు ఉత్తరం వచ్చింది. అక్షరాలు కోడి గీకినట్టున్నాయి. అందులో ఇలా ఉంది:

“నీ గోళీ చేరింది. తాత దాన్ని నాకిన్నాడు, ఉప్పగా లేదన్నాడు. నువ్వు మళ్ళీ ఎప్పుడొస్తవ్? ఈసారి ఎద్దుబండి నడపడం నేర్పిస్త. కాని గోళీల్లో మాత్రం నువ్వు నన్ను గెలవలేవు.”

మా అమ్మాయి ఆ ఉత్తరాన్ని ఒకటికి పదిసార్లు చదివింది. “నువ్వు” అన్న మాట వచ్చిన చోటల్లా కింద పెన్సిలుతో గీత గీసింది. మీరు కూడా, పిల్లలూ, చాలా కాలంగా చూడని స్నేహితుడెవరైనా ఉంటే ఈ ఆదివారం ఒక ఉత్తరం రాసి చూడండి. ఇల్లు వీపున వేసుకుని వెళ్ళటం అందరికీ వీలు కాదు కాని, ఉత్తరం ఏ ఊరికైనా వెళ్ళగలదు.